పదివేల దిద్దుబాట్ల జాతర

అనగనగా ఒక అడవి. అక్కడ అన్ని చెట్ల కన్నా ఎత్తుగా ఒక సెల్ టవర్ లేచింది. ఇంకేముంది పిల్లలూ, ఎలుగుబంటి నుంచి ఎలకపిల్ల దాకా అందరి చేతుల్లోనూ ఫోన్లే. చేతులు లేనోళ్ళు తోకతో పట్టుకున్నారు.

ఆ ఫోన్లలో 'మన అడవి' అని ఒక సైటు ఉండేది. అడవి గురించి ఎవరికి ఏం తెలిస్తే అది రాయొచ్చు. తప్పుంటే ఇంకొకరు దిద్దొచ్చు. జీతం లేదు, బత్తెం లేదు. ఇష్టమున్నోళ్ళు రాస్తారు, అవసరమున్నోళ్ళు చదువుతారు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండింది. ఇక మిగిలినవి కుంటలే. ఏ కుంటలో నీళ్ళున్నాయో, ఏ నీళ్ళు మంచివో ఎవరికీ సరిగ్గా తెలీదు. సైటులో కుంటల పేజీ ఉంది గానీ, అది పాతబడిపోయింది.

లేడికి అప్పుడే పుట్టిన పిల్ల ఉంది. దాని కాళ్ళింకా తడబడుతున్నాయి. దాన్ని వెంటేసుకుని కుంట కుంటకీ తిరిగే ఓపిక లేదు. ఒక్కసారి నడిస్తే, అక్కడ మంచినీళ్ళు దొరికి తీరాలి. లేకపోతే పిల్ల దక్కదు.

సైటుకి పెద్ద నెమలి. పెద్దగా ఉండమని ఎవరూ అనలేదు, తనే అనుకుంది. ఒకరోజు అది అందర్నీ పిలిచి పింఛం విప్పింది.

"దిద్దుబాట్ల జాతర పెడుతున్నాం! మూడు రోజుల్లో పదివేల దిద్దుబాట్లు పడాలి. ఎక్కువ కొట్టినోళ్ళకి బుట్టెడు మామిడిపళ్ళు, నాతో ఒక ఫోటో!"

"పళ్ళు చాలు సారూ, ఫోటో మీరే ఉంచుకోండి" అంది కోతి.

లేడి ముందుకొచ్చింది. "సారూ, దేని గురించి రాయాలి?"

"దేని గురించైనా రాయమ్మా. లెక్క పెరగాలి, అంతే."

"కుంటల గురించి అనుకుందాం సారూ. అందరం తలో కుంటా చూసొచ్చి..."

"అబ్బే, అది చిన్న పని. పక్క అడవోళ్ళు తొమ్మిదివేలు కొట్టారు తెలుసా? మనకి పరువుండాలా వద్దా?"

జాతర మొదలైంది.

మొదటి రోజు కోతి 'అరటిపండు పసుపు' అని రాసి నొక్కింది. ఒక దిద్దుబాటు. 'అరటిపండు తీపి' అని నొక్కింది. రెండు. 'అరటిపండు నాది' అని నొక్కింది. మూడు. చిలకైతే ప్రతి చెట్టు పేజీ కిందా 'ఇది చెట్టు' అని రాసుకుంటూ పోయింది. నెమలి మురిసిపోయింది.

రెండో రోజు కొండముచ్చుకి ఒళ్ళు మండింది. "అరటిపండు నీదెట్లా అయ్యిందిరా?" అని ఆ వాక్యం చెరిపేసింది. చెరిపితే దాని ఖాతాలో ఒకటి పెరిగింది!

"ఓరి నీ! చెరిపినా పడుతోంది బావా!"

"అయితే ఇంకేం మావా? నువ్వు చెరుపు, నేను మళ్ళీ పెడతా" అంది కోతి.

"ఎంతసేపు?"

"మామిడిపళ్ళు నోట్లో పడేదాకా."

మూడో రోజు కొంగ రేలకుంట మీదుగా ఎగిరింది. కింద చూస్తే చేపలన్నీ చచ్చి తేలుతున్నాయి. ఎవరో మనుషులు చేపల కోసం నీళ్ళలో మందు కలిపి పోయారు. కొంగ గబగబా కుంటల పేజీ తెరిచింది. 'రేలకుంటలో నీళ్ళు నిండుగా ఉన్నాయి' అని పాత వాక్యం ఉంది. దాని కింద 'మందు కలిసింది, తాగొద్దు' అని రాసి, పిల్లలకి మేత తేవడానికి వెళ్ళిపోయింది.

ఏ పేజీలో కొత్తగా ఏం రాసినా, సైటు తెరవగానే అది అన్నిటికన్నా పైన కనిపిస్తుంది. కొండముచ్చు పైనున్నది చెరిపింది. కోతి మళ్ళీ పెట్టింది. ఇది చెరిపింది, అది పెట్టింది. ఏముందో ఇద్దరూ చదవలేదు. చదివితే టైము దండగ కదా! కొండముచ్చు ఇంకోసారి చెరిపింది. సరిగ్గా అప్పుడే డప్పు మోగింది.

"పదివేలు!" నెమలి ఎగిరి గంతేసింది. ఇద్దరికీ కలిపి బుట్ట ఇచ్చింది. ఫోటోలు దిగింది, ఎక్కువగా తనవే.

జాతర అయ్యాక ఫోన్లో లేడి కుంటల పేజీ చూసింది. 'రేలకుంటలో నీళ్ళు నిండుగా ఉన్నాయి.' అంతే ఉంది.

"పదమ్మా, దొరికాయి" అని పిల్లని నడిపించుకుపోయింది. పిల్ల ఆత్రంగా మూతి పెట్టింది. రెండు గుక్కలు తాగిందో లేదో, కాళ్ళు మడతపడ్డాయి. నోట్లోంచి నురగ.

కొంగ అరుస్తూ దిగింది. "తాగొద్దని రాశాను కదే లేడక్కా!"

"ఎక్కడ రాశావే? చూపించు!"

కొంగ చూసింది. లేదు.

కేకలు విని ఎలుగుబంటి ఉరుకుతూ వచ్చింది. ఏదో ఆకు నలిపి, పసరు పోసి, పిల్ల చేత కక్కించింది. చంకనేసుకుని అందరూ ఉన్న చోటికి తెచ్చి నీడలో పడుకోబెట్టింది. పిల్ల కళ్ళు తెరవలేదు.

నెమలి గొంతు సవరించుకుంది. "చాలా బాధాకరం. దీని మీద వెంటనే కొత్త పేజీ పెడదాం. పదివేల ఒకటి అవుతుంది."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

కోతి ఫోన్లో కుంటల పేజీ పాత మార్పులు తిరగేసింది. తన పేరు, కొండముచ్చు పేరు, తన పేరు, కొండముచ్చు పేరు. "మావా... అది మనమే" అంది. చేతిలో సగం తిన్న పండు బుట్టలో పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా పిల్ల కళ్ళు విప్పింది. లేడి దాన్ని నాకి నాకి, అప్పుడు లేచి నిలబడింది.

"సారూ, ఇప్పుడు నేను చెప్తా. అడవిలో ఉన్న కుంటలన్నీ పంచుకుందాం. ఒకరు వెళ్ళి చూసి రాయాలి. ఇంకొకరు వెళ్ళి చూసి, నిజమే అనాలి. ఆఖరి కుంట అయ్యేదాకా ఎవరికీ పండగ లేదు. అయ్యాక అందరికీ పండగే."

"మరి నా ఖాతాలో ఎన్ని పడతాయి?" అంది చిలక, అలవాటు కొద్దీ.

"నీ పిల్లలు బతుకుతాయి. అది రాసుకో."

అందరూ కదిలారు. నెమలికి బురదకుంట వచ్చింది. తోకంతా బురదై తిరిగొచ్చి, "మొత్తం చేస్తే చారెడు దిద్దుబాట్లు కూడా లేవు" అని గొణిగింది. కడుక్కోమని ఒక్కరు చెప్పారంతే.

కోతి అన్నిటికన్నా దూరంగా ఉన్న రాతికుంట తీసుకుంది. 'నీళ్ళు మంచివి' అని రాసింది. కొండముచ్చు వెళ్ళి చూసి 'నిజమే' అంది.

మర్నాడు కోతి ఆ కుంట దగ్గరే ఉండగా లేడి పిల్లతో అక్కడికొచ్చింది. ఒడ్డునే ఆగిపోయింది. రాసిన పేర్లు చూసింది, కోతి వైపు చూసింది. పిల్ల తల్లి కాళ్ళ మధ్య దాక్కుంది.

కోతి నీళ్ళ దగ్గరికి దిగింది. వంగి, దోసిలి నిండా నీళ్ళు తీసుకుని తాగింది. ఇంకో దోసిలి తాగింది. అక్కడే ఒడ్డున కూర్చుంది, ఎండ నెత్తిమీదికొచ్చేదాకా. లేడి చూస్తూనే ఉంది.

అప్పుడు పిల్ల తల్లి కాళ్ళ మధ్యనుంచి బయటికొచ్చి, నీళ్ళలో మూతి పెట్టింది.

నీతి: లెక్క కోసం పిలిస్తే అందరూ లెక్క పెంచే పోతారు. అందరికీ కావలసిన పని చూపించి పిలవండి, ఆ పని అవుతుంది.