నాచు తివాచీ

మహీధరవర్మ మహారాజుని వైద్యులు రోజూ పొద్దున్నే ఉత్త కాళ్లతో పచ్చిక మీద నడవమన్నారు. మొదటిరోజే ఆయన కోట తోటలో అడుగు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. అక్కడ పచ్చిక లేదు. అంతా జారుడు నాచు.

ఉద్యానాధికారి రంగశాయిని పిలిపించాడు. రంగశాయికి తోటకన్నా తన మేనిఛాయ మీద శ్రద్ధ ఎక్కువ. తనకి ఎండ తగలకుండా పచ్చిక మీదంతా ఎత్తుగా తాటాకు పందిరి వేయించి, చల్లదనానికి రెండుపూటలా నీళ్లు చల్లించేవాడు.

"తప్పంతా తోటపని చేసే పోలమ్మది ప్రభూ. ఒళ్లు వంచదు. కొలువులోంచి తీసేయండి" అన్నాడు.

"రోజూ గీకుతున్నాను ప్రభూ. గీకినచోటే మళ్లీ పుడుతోంది" అంది పోలమ్మ. "పందిరి తీయించమని మూడుసార్లు చెప్పాను. అయ్యగారు వినలేదు."

"ఎండ తగిలితే పచ్చికే మాడిపోతుంది" అని రంగశాయి నవ్వాడు.

రాజు తేల్చేశాడు. "ఈ నేల చెరిసగం తీసుకుని పచ్చిక పెంచండి. రెండు నెలలు గడువు. గెలిచినవాళ్లది అధికారం. ఓడినవాళ్లు కొలువు వదలాలి."

పోలమ్మ తన సగం మీద పందిరి విప్పించింది. నాచు గీకేసి, గట్టిపడ్డ నేలని గునపంతో పొడిచి, కాస్త సున్నం చల్లింది. నేల ఆరితేనే నీళ్లు పెట్టింది. గడ్డిని మరీ మొదలంటా కోయనివ్వలేదు.

రంగశాయి తన వైపు పందిరి కదపకుండానే, నాచు చావాలని ఏనుగులతో తొక్కించాడు. తొక్కినచోటల్లా నీళ్లు నిలిచాయి.

గడువు తీరాక రాజు సభతో సహా వచ్చాడు. పోలమ్మ వైపు గడ్డి ఒత్తుగా లేచింది. రంగశాయి వైపు నాచు మెత్తగా పరుచుకుంది.

రంగశాయి తడుముకోలేదు. "ఆమెది మామూలు గడ్డి ప్రభూ. నాది పట్టు తివాచీ."

పోలమ్మ చేతులు కట్టుకుంది.

"అంత గొప్ప తివాచీ మీద ముందుగా నడిచే గౌరవం అయ్యగారిదే ప్రభూ."

"నడవండి" అన్నాడు రాజు.

రంగశాయి రెండడుగులు వేశాడు. మూడోది పడలేదు, ఆయనే పడ్డాడు. వెల్లకిలా జారుతూ వచ్చి రాజు పాదాల దగ్గర ఆగాడు.

రాజు అప్పటికప్పుడు మిగతా పందిరి పీకించి, అధికారముద్ర పోలమ్మ చేతిలో పెట్టాడు. రంగశాయి ఇంకా లేవలేక అక్కడే దొర్లుతున్నాడు.

పోలమ్మ వంగి మెల్లగా చెప్పింది.

"కాస్త పక్కకి దొర్లండి అయ్యా. నాచుకి ఎండ తగలాలి."

ముందు నవ్వింది రాజే.