అత్త చేతి పులుపు, కోడలి చేతి ఘాటు

రండి రండి, చాప మీదకి రండి. ఒరేయ్ ఆశీర్వాదం, కాళ్ళు కడిగావా? కడగలేదు. నాకు తెలుసుగా. ఆ మడమలు చూడు, పొలమంతా మోసుకొచ్చావు. పో, కడుక్కునిరా. ఏమే దీవెనా, నువ్వింకా మూతి ముడుచుకునే ఉన్నావా? పోయిన ఆదివారం సంగతి ఇంకా కడుపులోనే పెట్టుకున్నావే! ఏమన్నానే నిన్ను? పొయ్యి మీద పెద్దకూర ఉడుకుతుంటే చింతపండు గిన్నెలో చెయ్యి పెట్టావు. తియ్యవే అని గరిటెతో చిన్నగా తగిలించాను. చిన్నగానే తగిలించాను! దానికి వారం రోజుల అలకా? మీ అమ్మ కూడా ఇంతే, అలిగిందంటే పండగొచ్చినా పలకదు.

సరే, ఇవాళ ఆ చింతపండు కథే చెప్తాను. ప్రార్థన అయిపోయిందిగా? అయితే ఊ కొట్టండి. ఊ కొట్టనోళ్ళకి రేపు కూరలో మూలుగ బొక్క లేదు, ముందే చెప్తున్నా.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుందంట. ఆ ఊరికొక రాజు. మంచోడే, కానీ పాపం, ఆయనకి నోటికి రుచి పోయింది. ఎట్టా పోయింది? వానాకాలంలో వేటకి పోయి తడిసొచ్చాడు. అప్పట్నుంచీ ఏం తిన్నా గడ్డి తిన్నట్టే, బూడిద తిన్నట్టే. పులుపు తెలవదు, కారం తెలవదు, ఉప్పు తెలవదు. వైద్యులు వచ్చారు. నాలుక మీద ఒకడు పసరు రాశాడు, ఇంకొకడు పొడి చల్లాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, అదేదో రాస్తే నాలుక బొబ్బలెక్కింది గానీ రుచి రాలా.

రాజు కంచం తోసేశాడు. ఇంక చూడు! రాజు తినకపోతే రాణి తినదు. రాణి తినకపోతే మంత్రి తినడు. మంత్రి తినకపోతే భటుడు తినడు. భటుడు తినకపోతే వాడి గుర్రం తినదు. గుర్రానికేం రోగం అంటావా? గడ్డి వేసేవాడు నీరసంగా పడుకుంటే అదేం తిని చచ్చిద్ది?

ఊ కొడుతున్నారా? ఆఁ.

అందుకని రాజు దండోరా వేయించాడు. నాకు రుచి తెలిసేట్టు వండినోళ్ళకి ఏం కావాలంటే అది ఇస్తా. వండుతానని వచ్చి వండలేకపోతే మాత్రం వాళ్ళ ఇల్లు పీకించి వాళ్ళని ఏటి అవతల పారేయిస్తా. ఆకలి మీదున్నోడికి కోపం ఎక్కువ కదా! అట్టా పదిమంది వంటోళ్ళు పోయారు ఏటి అవతలికి.

ఆ ఊళ్ళో పిచ్చయ్య అని ఒకడున్నాడు. పేరుకి తగ్గోడే. ఇంట్లో వాడూ, వాడి పెళ్ళాం నాంచారీ, వాడి తల్లి, అంటే నాంచారి అత్తా, ముగ్గురే. దండోరా విందామని పోయినోడు విని రావచ్చుగా? పక్కనోళ్ళు మీ ఆవిడ వంట చాలా బాగుంటది కదరా పిచ్చయ్యా అన్నారంట. అంతే, మునగచెట్టు ఎక్కాడు. తిన్నగా రాజు దగ్గరికి పోయి, మా ఆవిడ పెద్దకూర వండితే పక్కూళ్ళో పడుకున్నోడు కూడా లేచి కూర్చుంటాడు, ఆదివారం మధ్యాన్నానికి పట్టుకొస్తా అని చెప్పేసొచ్చాడు.

ఏంటే దీవెనా, రాజులు పెద్దకూర తింటారా అంటావా? ఎందుకు తినరు? నా కథ, నా రాజు. నా రాజు తింటాడు. బొక్క కూడా చీకుతాడు. ఊ కొట్టు.

ఇంటికొచ్చి పిచ్చయ్య సంగతి చెప్పేసరికి అత్త గుండెలు బాదుకుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నీ నోటి మూలాన మనకి ఊరే లేకుండా పోద్ది కదరా, ఈ గోడలు నా చేత్తో మట్టి తొక్కి పెట్టానురా అని ఏడ్చింది. నాంచారి ఏడవలా. పొయ్యి ముందు కూర్చుని మొగుణ్ణి ఒకటే మాట అడిగింది. రాజు ఎట్టా మాట్లాడాడు?

పిచ్చయ్యకి ఇంకేం రాకపోయినా వెక్కిరించడం బాగా వచ్చు. మూతి పైకెత్తి, "దాకు ఏబీ తెలవట్లేదు" అని చేసి చూపించాడు.

నాంచారి పకపకా నవ్వింది. ఇల్లు పీకేస్తారంటే నవ్వుతావేందే అని అత్త కసిరింది. అప్పుడు నాంచారి చెప్పిందంట, అత్తా, ఆయనకి పోయింది నాలుక కాదు, ముక్కు. రొంప పట్టి ముక్కు దిబ్బడేసింది. వాసన తెలవందే రుచేం తెలిసిద్ది? మందంతా నాలుకకి రాస్తే ముక్కెట్టా తెరుచుకుంటది? అని.

ఒరేయ్ ఆశీర్వాదం, నీకూ మొన్న రొంపొస్తే కోడిగుడ్డు కూడా చప్పగా ఉందని ఏడ్చావుగా? అదే ఇది.

నాంచారి పుట్టింట్లో రొంపకి మునగ వేరు వాడేవాళ్ళు. లేత మొక్క వేరు తవ్వి, పైన తొక్క గీకేసి, నూరితే ఆవపిండికి అక్కలాంటి ఘాటు వచ్చిద్ది. తల లోపల కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకుంటయ్. మీరు మాత్రం ఊరికే తవ్వుకుని తినబాకండి. ఎక్కువైతే కడుపు పాడైపోద్ది. కథ కాబట్టి చెప్తున్నా.

ఇంక ఆదివారం వచ్చింది. తెల్లారగట్లే పెద్దకూర పోగు తెచ్చుకున్నారు. ముదురు కూర. ముదురు కూరకి నిదానం కావాలి. నాంచారి ముక్కలు కోసింది, కడిగింది, పసుపూ ఉప్పూ పట్టించింది, అల్లం వెల్లుల్లి నూరింది, కుండ పొయ్యి మీద పెట్టింది. అన్నీ చేసింది గానీ చింతపండు మాత్రం ముట్టుకోలా. ఎందుకంటే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు. పులుపు అత్త చేతిది. చింతపండు జాడీ ఉట్టి మీద ఉంటది, దాన్ని దించేది అత్తే, పిసికేది అత్తే, కూరలో పోసేది అత్తే. ఆ అత్తకి వాళ్ళ అత్త పోయేముందు ఇచ్చింది జాడీని. కోడలొచ్చి ఏడేళ్ళైంది, ఏడేళ్ళలో ఒక్కనాడన్నా దానిమీద చెయ్యి వెయ్యలా. నాంచారికి లోపల్లోపల బాధే. నా చేతికి ఏం తక్కువైందని అనుకునేది. పైకి అనేది కాదు.

నాకా? మా అత్త నాకు నలభై ఏళ్ళొచ్చిందాకా ఇవ్వలేదులే. ఆ కథ ఇంకోటి.

కూర సగం ఉడికిందో లేదో, మునగ వేరు తెస్తానని నాంచారి గునపం పట్టుకుని దొడ్లోకి పోయింది. ఆ చెట్టు మీద దయ్యముందే, వేరు తవ్వితే పట్టుకుంటదే అని అత్త అరిచింది. పట్టుకుంటే దానికీ ఒక ముక్క పెడదాం అత్తా అని ఈమె తవ్వుకుంటా కూర్చుంది.

ఇక్కడ వీధిలో ఏమైంది? డమడమడమ! భటులు పెందలాడే వచ్చేశారు. రాజుకి ఆకలి ఆగట్లేదు, కూర తెస్తారా, గోడలు పీకమంటారా అని గుమ్మంలో నిలబడ్డారు. అత్త గబగబా జాడీ దించింది, గుప్పెడు చాలేదానికి మూడు గుప్పెళ్ళు తీసింది, నీళ్ళలో పిసికింది, ముక్క ఉడికిందో లేదో గోరు పెట్టి చూడకుండా పులుసు మొత్తం కుండలో కుమ్మరించింది.

అయ్యో! చూశారా ఏం చేసిందో? ఉడక్కముందే పులుపు పడితే ముక్క బిగుసుకుపోద్ది. ఇంక నువ్వు పెళ్ళయిందాకా మంటపెట్టినా రాయి రాయే. దీవెనా, నీ చేతి మీద గరిటె ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసిందా? తెలిస్తే ఊ అను. ఆఁ, కొంచెం గట్టిగా.

నాంచారి వేరు పట్టుకుని లోపలికొచ్చేసరికి పుల్లటి వాసన గుప్పుమంది. ముక్క తీసి కొరికింది. పన్ను జారింది. అత్త వంక చూసింది. అత్త పొయ్యి పక్కన కూలబడిపోయి, నా చేత్తో పెట్టిన గోడలు నా చేత్తోనే కూల్చుకున్నానే తల్లీ అని కొంగు నోట్లో కుక్కుకుంది. పిచ్చయ్య ఏం చేస్తున్నాడంటారా? భటులకి మజ్జిగ పోస్తున్నాడు. వాడికదొక్కటే చేతనైంది.

ఇంకో కోడలైతే అనేది కదా, ఏడేళ్ళు జాడీ పట్టుకుని ఊరేగావు, ఇదేనా నీ పులుపు అని. నాంచారికి నోటిదాకా వచ్చింది. వచ్చినదాన్ని మింగింది. లే అత్తా, రోలు కడుగు అంది.

ముక్కలన్నీ పులుసులోంచి తీశారు. అత్తొక రోకలి, కోడలొక రోకలి. దంచు దంచు! రాయిలాంటి ముక్క పీచుపీచుగా విడిపోయింది. దాన్ని నూనెలో ఎర్రగా వేయించి మళ్ళీ పులుసులో వేశారు. మరి పులుపో? నాలుక పెడితే చెవులు అదురుతున్నయ్. నాంచారి ఒక అచ్చు బెల్లం తెచ్చి నలగ్గొట్టి వేసింది. చూసింది. ఇంకొంచెం వేసింది. చూసింది. పులుపూ తీపీ కలబడి కలబడి చివరికి స్నేహమైపోయినయ్. అంతకుముందు ఆ ఊళ్ళో పెద్దకూరలో బెల్లం వేసినోళ్ళే లేరంట. అత్త చెయ్యి తొందరపడబట్టే ఆ కూర పుట్టింది.

వేరు గీకి, సన్నికల్లు మీద నూరి, గడ్డపెరుగులో కలిపి చిన్న ముంతలో పెట్టుకుంది. కూరకుండ నెత్తినెత్తుకుంది. ముగ్గురూ కోటకి పోయారు.

రాజు ముందు విస్తరేశారు. నాంచారి కూర వడ్డించలా. ముందు ఇది అని మునగ వేరు పెరుగు కందిగింజంత పెట్టింది. రాజు నోట్లో వేసుకున్నాడు. ఒక్క క్షణం ఏం లేదు. తర్వాత చూస్కో! మొహం మిరపపండైంది. కళ్ళలోంచి నీళ్ళు ధారలు. లేచి నిలబడి గాల్లో చేతులు కొట్టుకుంటున్నాడు. విషం పెట్టారని మంత్రి అరిచాడు, భటులు కత్తులు దూశారు. పిచ్చయ్య పోయి విస్తళ్ళ కట్ట వెనక దాక్కున్నాడు.

అప్పుడు అత్త ఏం చేసిందో తెలుసా? ఎప్పుడూ గడప దాటని మనిషి, కోడలి ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యా, తప్పు నాది. ముక్క ఉడక్కముందే పులుపు పోసింది నేను. నన్ను పంపించండి ఏటి అవతలికి, నా గోడలు పీకించుకోండి. పిల్లదాని జోలికి రాబాకండి. దాని చేతిలో ఏ తప్పూ లేదు."

ఏడేళ్ళలో నాంచారి గురించి ఆమె అంత మంచి మాట అన్లేదు. నాంచారికి కళ్ళమ్మట నీళ్ళొచ్చినయ్. ఆ నీళ్ళు మునగ వేరు ఘాటుకి కాదులే.

ఊ కొడుతున్నారా? ఆశీర్వాదం నిద్రపోయాడా? లేదా? మంచిది, ఇప్పుడే వచ్చిద్ది అసలుది.

హాఆఆ... హాఆఆ... హాఛ్! రాజు తుమ్మాడు. కిరీటం ఎగిరి డొల్లుకుంటా పోయి మంత్రి కాళ్ళ దగ్గర పడింది. మళ్ళీ హాఛ్! మూడోది హాఛ్! రాజు ముక్కుతో గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు.

"నాకు... నాకు బెల్లం వాసనొస్తంది" అన్నాడు. దాకు కాదు, నాకు!

ఇంక కూర వడ్డించింది. రాజు ఒక ముద్ద తిన్నాడు, కళ్ళు మూసుకున్నాడు. పుల్లగా ఉంది అన్నాడు. తియ్యగా ఉంది అన్నాడు. కారం ఇప్పుడు తగులుతుంది అన్నాడు. చిన్నపిల్లాడిలా ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలుచుకుంటా కుండ సగం ఖాళీ చేశాడు. రాజు తిన్నాడని రాణి తింది. రాణి తిందని మంత్రి తిన్నాడు. మంత్రి తిన్నాడని భటుడు తిన్నాడు. భటుడు తిని లేచి గడ్డి వేశాడని గుర్రం తింది.

ఎవరు చేశారమ్మా ఇది అనడిగాడు రాజు. పులుపు మా అత్త చేతిదండీ, ఘాటు నా చేతిది, తీపి మా ఇద్దరి మధ్యా వచ్చింది అని చెప్పింది నాంచారి. ఏం కావాలో కోరుకో, కోటలో వంటకి ఉంటావా అన్నాడు. ఆమె వద్దంది. మా గోడలు మాకుంటే చాలు, ఆ పదిమందినీ ఏటి అవతల్నుంచి రానియ్యండి, మీకు తినబుద్ధైతే మా ఇంటికే రండి, పీట వేస్తాం అంది. చూశావా, అంత మాట రాజుతో అనాలంటే ఎంత గుండె ఉండాలి!

మరుసటి ఆదివారం రాజు వచ్చాడు. నిజంగానే వచ్చాడు. మన ఇంటిలాంటి ఇంట్లోకి, తల వంచి ఆ గుమ్మంలోంచి వచ్చి, పీట మీద కూర్చున్నాడు. లోపల కూర ఉడుకుతుంది. అత్త ఉట్టి మీద జాడీ దించింది. దించి, కొంగుతో తుడిచి, నాంచారి ఒళ్ళో పెట్టింది.

గోరు దిగిందాకా ఆగే చెయ్యి నీది, ఇవాళ్టినుంచీ పులుపు నీ చేతిది అంది.

అంతే కథ. అందరూ కడుపునిండా తిన్నారు. దయ్యమా? ఆ ఘాటుకి ఏ దయ్యం నిలుస్తదే, ఎప్పుడో ఊరొదిలి పోయింది. నీతేందంటావా? తొందరపడ్డ పులుపు ముక్కని బిగిస్తది, తొందరపడ్డ మాట మనిషిని బిగిస్తది. ఉడకనివ్వాలి.

వీడు నిద్రపోయాడు చూడు, మూలుగ బొక్క కోసం ఇందాకటిదాకా ఊ కొట్టుకుంటా లాక్కొచ్చాడు పాపం. దుప్పటి కప్పు తమ్ముడికి. కథేమో కంచి దారి పట్టింది, మనం తలగడ దారి పడదాం. దీవెనా, ఇటు చూడు. రేపు గుడినించి రాగానే కూర పొయ్యి మీద పెడతాను. నేను కుండ దగ్గరే ఉంటాలే గానీ గరిటె ఎత్తను. నువ్వే గోరు పెట్టి చూడు. దిగిందా, చింతపండు నువ్వే పిసుకు. ఇంక మూతి సరిచేసుకుని పడుకో.