చెలమమ్మ గుండె తలుపులు

వేసవి ముదిరి ఏరంతా ఇసుకమేట వేసింది. కొండకింద ఒక్క మడుగు మాత్రం మిగిలింది. ఆ మడుగు ఒడ్డునే ధూసరుడనే నక్క చెలమమ్మ అనే ముసలి తాబేలును పట్టుకున్నాడు. ఇంట్లో అతని భార్య పస్తులుంటోంది. ఈ పూట వట్టి నోటితో రావద్దని చెప్పి మరీ పంపింది.

చెలమమ్మ తలా కాళ్లూ లోపలికి ముడుచుకుంది. ధూసరుడి పళ్లు చిప్పమీద జారిపోయాయి. ఊపిరాడకుండా చేస్తే ప్రాణం పోయి మెడ దానంతటదే వేలాడుతుందని అతనికి తోచింది. ఆమెను మడుగు అంచున బురదలోకి దొర్లించి, వెన్ను మాత్రం పైకి కనిపించేలా చుట్టూ రాళ్లు బిగించాడు.

"కష్టంగా ఉందా అత్తా?" అని చివరి రాయి పెట్టబోతూ పరామర్శించాడు.

"నీవంటి అల్లుడు దగ్గరుండి చూసుకుంటుంటే కష్టమేముంది నాయనా," అంది చెలమమ్మ లోపలినుంచి.

వేట చచ్చిందో లేదో తేల్చుకోవడానికి నక్కలకొక పద్ధతి ఉంది. ఒంటికి చెవి ఆనించి గుండె వింటారు. చప్పుడు ఆగితే భోజనం సిద్ధమైనట్టే. ధూసరుడు చిప్పకు చెవి ఆనించాడు. మొదట గుండె నిబ్బరంగా మోగింది. రానురాను ఒక్కో దెబ్బా పొట్టిదైంది, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడం పెరిగింది. అతనికి వింతగా అనిపించింది. అతను పట్టిన కుందేళ్ల గుండెలన్నీ దడదడలాడి ఆగినవే. ఈ గుండె మాత్రం ఎవరో లోపల కూర్చుని దీపం వత్తి తగ్గిస్తున్నట్టు తగ్గుతోంది. ఎందుకిలా అని అడుగుదామంటే చెప్పేవారు లేరు. చివరకు ఏమీ వినిపించలేదు.

మెడ బయటికి జారడానికి వీలుగా ముందున్న రాళ్లు తొలగించి, భార్యను విందుకు పిలవడానికి పరుగెత్తాడు.

ఇద్దరూ వచ్చేసరికి బురదలో గుంట మిగిలింది. మడుగు నడుమ చెలమమ్మ తల కనిపించింది. భార్య ధూసరుడి వైపు చూసింది. అతనికి సిగ్గుకన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది.

"అత్తా, నీ గుండె ఆగిపోయింది. నేను విన్నాను."

"ఆగలేదు అల్లుడా, పొదుపు చేసింది. గుండెలోని ప్రతి కణానికీ సన్నని తలుపులుంటాయి. సత్తువ నిండుగా ఉన్నంతసేపు అవి మూసుకునే ఉంటాయి. ఊపిరి అందక సత్తువ తరిగితే వాటంతటవే తెరుచుకుంటాయి. ఆ దారిన పొటాషియమనే లవణం బయటికి జారుతుంది. దాంతో ఒక్కో స్పందనా త్వరగా ముగుస్తుంది, గుండెను బిగించే కాల్షియం లోపలికి తక్కువగా వస్తుంది. పని తగ్గుతుంది, మిగిలిన సత్తువ ప్రాణాన్ని నిలబెడుతుంది."

ధూసరుడు తన రొమ్ము తడుముకున్నాడు. "నాకూ ఉన్నాయా ఆ తలుపులు?"

"ఉన్నాయి. అయితే అవి నిన్ను కాసేపే కాపాడతాయి. నేను చిన్నప్పటినుంచీ బురదలో ఊపిరి బిగబట్టి బతికినదాన్ని. నమ్మకపోతే దిగి చూడు."

అతను నిజంగానే ఒక కాలు నీళ్లలో పెట్టాడు. భార్య తోక పట్టి వెనక్కి లాగింది.

"వినడం నేర్చుకున్నారు సరే, విన్నదేమిటో కనుక్కోకుండా నన్ను విందుకు పిలిచారు," అని ఆకలితోనే ఇంటిదారి పట్టింది.

లేమిలో నెమ్మదించినవారిని చూసి, వారి పని అయిపోయిందనుకోకూడదు.