ఏరు దాటి వచ్చిన ఇప్పపువ్వు

ఇప్పలకోన అనే అడవిలో ఏనుగులు, జింకలు, కుందేళ్లు, ఎలుకలు, ఇంకా ఎన్నో జంతువులు ఉండేవి. ఎండాకాలం మొదట్లో అక్కడ ఇప్పపువ్వు బాగా రాలేది. అన్నీ కలిసి ఆ పువ్వు ఏరి, ఎండబెట్టి, కొండగుహలోని ఉమ్మడి గాదెలో పోసేవి. ముసురుపట్టి తిండి దొరకని రోజుల్లో ఆ పువ్వే వాటి కడుపు నింపేది.

గాదెకు కాపలాదారు ఎలుగుబంటి జంగయ్య. వయసు మీదపడింది. కూర్చుంటే లేవడం కష్టం, లేస్తే నడవడం కష్టం.

కొన్నేళ్లుగా గాదె తరిగిపోతోంది. అందుకని అడవికి పెద్దదిక్కయిన ఏనుగు గజ్జెలమ్మ ఒక చట్టం పెట్టింది.

"ఎవరి దగ్గరైనా అవసరానికి మించి ఇప్పపువ్వు కనిపిస్తే, అది ఎక్కడిదో వాళ్లే చెప్పాలి. చెప్పలేకపోతే శిక్ష తప్పదు."

జంగయ్య అడవంతా తిరిగాడు. దొరికినవన్నీ ఎలుకలే. నోట కరుచుకున్నంత పువ్వుతో పరిగెత్తుతూ పట్టుబడ్డాయి. వాటిని ముళ్లకంచెలో పెట్టాడు. ఎవరి కోసం తెస్తున్నారని అడగలేదు. అడిగే ఓపిక లేదు. దొంగలు దొరికారు, అంతే చాలనుకున్నాడు.

గాదె మాత్రం తరుగుతూనే ఉంది.

ఆ రోజుల్లోనే నక్క వాలయ్య దశ తిరిగింది. అతను ఇప్పపువ్వును తేనెలో కలిపి లడ్డూలు కట్టి అమ్మేవాడు. పండగొస్తే అందరికీ ఊరికే పంచేవాడు. ఒకప్పుడు "ఒరేయ్ నక్కా" అని పిలిచినవాళ్లే ఇప్పుడు "వాలయ్యగారూ" అంటున్నారు.

జంగయ్య ఒకసారి అతని గుహకు వెళ్లాడు.

"ఇంత పువ్వు ఎక్కడిది వాలయ్యా?"

"నాదేముంది? ముళ్లపంది సూరయ్య దగ్గర కొన్నాను. వెళ్లి అడుగు."

జంగయ్య కొండెక్కి సూరయ్యను అడిగాడు.

"ఏటి అవతలి అడవి నుంచి కొంగలు తెచ్చి ఇస్తాయి. నాకింకేం తెలియదు," అన్నాడు సూరయ్య.

జంగయ్య కాళ్లీడ్చుకుంటూ ఏటి గట్టుకు వచ్చాడు. ఇప్పలకోన చట్టం ఏటితో సరి. అవతల ఎవరినీ అడిగే హక్కు అతనికి లేదు. గట్టు మీద కూలబడ్డాడు.

అక్కడే కాపురం ఉంటున్న కుందేలు చెవులమ్మ బొరియలోంచి తల బయటపెట్టింది.

"ఎందుకు మామా ఇంత దూరం? పట్టుకోవడానికి మీ వైపు ఎలుకలు అయిపోయాయా?"

జంగయ్యకు ఆ మాట సూటిగా తగిలింది.

"నీకేమైనా తెలిస్తే చెప్పమ్మా," అన్నాడు నీరసంగా.

"తెలుసు. కానీ చెబితే పెద్దవాళ్లను వదిలేసి నన్ను కంచెలో పెట్టవని ఏమిటి నమ్మకం?"

జంగయ్య లేచి వెనక్కి నడిచాడు. గజ్జెలమ్మను ఒప్పించి ఎలుకలను విడిపించాడు. ఈసారి వాటి పక్కన కూర్చుని, అడగాల్సిన మాట అడిగాడు.

"మేం గాదె నుంచి తెచ్చేది వాలయ్యగారికే," అన్నాయి ఎలుకలు. "పిల్లలకు పిడికెడు పెడతాడని తెచ్చాం."

ఎలుకలను విడిచిపెట్టారని తెలిసి, గజ్జెలమ్మ పెట్టిన సభకు చెవులమ్మ తనే వచ్చింది.

సభలో వాలయ్య బెదరలేదు.

"ఎలుకల మాట ఎవరు నమ్ముతారు? నా పువ్వు అవతలి అడవిది. అయినా నా లడ్డూ తినని వాళ్లు ఇక్కడ ఎవరున్నారో లేవండి!"

ఎవరూ లేవలేదు. గజ్జెలమ్మే మొదట మాట్లాడింది.

"నేనూ తిన్నాను. తీపికి అలవాటుపడి, ఎక్కడిదని అడగలేదు. ఆ తప్పు నాదే. చెవులమ్మా, నువ్వు చెప్పు."

చెవులమ్మ ముందుకు వచ్చి చెప్పింది.

"మూటలు నా బొరియలో పెట్టుకుని, నావని చెప్పమన్నాడు వాలయ్య. పిల్లల మీద ఒట్టేసి కాదన్నాను. సూరయ్య ఒప్పుకున్నాడు. పొద్దున కొంగలు ఇక్కడి మూటలే అవతలికి తీసుకెళ్తాయి. చాలావాటిని అవతలే దాచి, సాయంత్రానికి మిగతా మూటలు తిరిగి తెస్తాయి. అవే మోదుగాకులు, అవే ముడులు. మధ్యలో జరిగేదల్లా ఏరు దాటడమే."

గజ్జెలమ్మ నక్క వైపు తిరిగింది.

"ఈ పువ్వు ఏ చెట్టు కింద రాలింది వాలయ్యా? చట్టం నిన్నే అడుగుతోంది."

వాలయ్య సూరయ్య వైపు చూశాడు. సూరయ్య తల దించుకున్నాడు. చెప్పడానికి ఏ చెట్టూ లేదు.

వాలయ్య గుహలో దాచిందంతా గాదెకు చేర్చారు. అతన్ని అడవి నుంచి వెళ్లగొట్టారు. పేరు అరువిచ్చినందుకు సూరయ్య ఉన్న కొండను పోగొట్టుకున్నాడు. గాదె బాధ్యత చెవులమ్మకు అప్పగించారు. ఆమె పిల్లలు గుహ పక్కనే, వాన తగలని చోట సుఖంగా పెరిగారు.

కానీ ఏరు దాటిన పువ్వులో చాలా భాగం తిరిగి రానే లేదు. ఆ వానాకాలం అడవి అర్ధాకలితో గడిపింది. ఆ ముసురులో ముసలి జింకలు రెండు చనిపోయాయి.

వాన వెలిశాక జంగయ్య మళ్లీ ఏటి గట్టుకు వెళ్లాడు. ఇప్పలకోన చట్టం చేరని అవతలి ఇసుకలో కొత్త కొంగలు దిగుతున్నాయి. అతను నిట్టూర్చి, నొప్పి కాళ్లు చాపుకుని, వాటిని చూస్తూ కూర్చున్నాడు.

నీతి: దొంగిలించిన సొత్తు ఎన్ని చేతులు మారినా, ఎన్ని ఏర్లు దాటినా దొంగ సొత్తే. మోసిన చిన్నవాళ్లను పట్టుకుని, దాచిన పెద్దవాళ్లను అడగని చట్టం ఎవరి కడుపూ కాపాడదు.