రేకుల నడుమ దారం

మూడు రోజులుగా మాబున్ని వేసే కుట్టు నిలవడం లేదు.

ఉరుసుకు పీరు సమాధి మీద కప్పే ఆకుపచ్చ శాటిన్ చాదరు అది. ఎల్లుండే ఉరుసు. పైనుంచి చూస్తే కుట్టు తీరుగానే ఉంది. తిరగేస్తే అడుగున దారం ఉంగరాలు ఉంగరాలుగా వేలాడుతోంది. వేలు పెట్టి లాగితే మొత్తం ఊడి వస్తోంది.

ఆ దర్గా వసారాలో పనిచేసేవాళ్లు ముగ్గురు. ముసలి ఫకీరు దస్తగిరి బాబా, పన్నెండేళ్లుగా ఆయన దగ్గర కుట్టూ ప్రార్థనా రెండూ నేర్చుకుంటున్న మాబున్ని, నెల కిందట వచ్చిన ఓబులమ్మ. ఓబులమ్మకు యాభై దాటాయి. భర్త పోయాక ఇంట్లో చేతులు ఊరకే ఉండలేక వచ్చింది. ఇంకా కుట్టు మిషన్ తొక్కలేదు. కిందదారాన్ని బాబిన్‌కు చుట్టిపెట్టడం ఆమె పని.

వదులు అడుగున కనిపిస్తోంది కాబట్టి తప్పు కిందదారానిదేనని మాబున్ని తేల్చుకుంది. ఓబులమ్మ చేత నాలుగుసార్లు విప్పించి చుట్టించింది. పైదారాన్ని పట్టి ఉంచే మరను కూడా బిగించింది. వేళ్లు ఎర్రబడేదాకా బిగించింది. ఉంగరాలు అలాగే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక అనేసింది.

"నీ చేతిలో వణుకుంది ఓబులమ్మా. ఈ పని నీకు రాదు. రేపటి నుంచి రావద్దులే."

ఓబులమ్మ చేతిలోని బాబిన్‌ను మిషన్ పక్కన పెట్టి, మెట్ల వైపు వెళ్లిపోయింది.

కొండ మీంచి గాలి దిగివచ్చి చాదరు కిందికి దూరింది. శాటిన్ నిదానంగా ఉబ్బింది. వసారా అంతా ఆకుపచ్చని నీళ్లలో మునిగినట్టయింది. పావురాల కువకువలు, సాంబ్రాణి వాసన ఆ నీళ్ల అవతలి నుంచి వస్తున్నట్టున్నాయి. ఆ పచ్చదనంలోంచే దస్తగిరి బాబా గోడ తడుముకుంటూ వచ్చాడు. ఆయన చూపు మందగించి చాలా కాలమైంది.

"ఏమ్మా, మిషన్ మొరాయిస్తా ఉందా?"

"కిందదారం సరిగా చుట్టలేదు బాబా. పైది నేను బిగించాల్సినంత బిగించినా."

ఆయన చాదరు అడుగుకు అరచేయి పోనిచ్చి, మేకపిల్లను నిమిరినట్టు ఆ ఉంగరాలను నిమిరాడు. ఓబులమ్మ పెట్టి వెళ్లిన బాబిన్‌నే తీసి లోపల వేశాడు. మాబున్ని బిగించిన మరను ఒక్కో చుట్టే వెనక్కి తిప్పాడు. పైదారాన్ని పూర్తిగా లాగేశాడు.

తర్వాత, గుడ్డను అదిమిపట్టే పాదాన్ని పైకి ఎత్తాడు. మర వెనక ఉన్న రెండు గుండ్రటి రేకులు వెంట్రుకవాసి విడివడ్డాయి. దారాన్ని ఆ సందులోకి దించాడు. సూదిలోకి ఎక్కించమని కొసను ఆమెకు ఇచ్చాడు. పాదం దించి, మరను కాస్త బిగించి, జానెడు కుట్టాడు.

మాబున్ని గుడ్డ తిరగేసింది. అడుగున నువ్వుగింజలు పేర్చినట్టుంది కుట్టు. లాగితే రాలేదు.

"మరి నేనంత బిగిస్తే ఎందుకు పట్టలేదు బాబా?"

"దారం రేకుల లోపల లేదమ్మా. ఉరుసు తొందరలో పాదం దించి దారం పెట్టినావు, రేకులు మూసుకొని ఉన్నాయి. అది పైపైన పోతా ఉంది. నువ్వు ఉత్త రేకులను బిగిస్తా వచ్చినావు."

అంతే. ఆయన స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

మాబున్ని లేచింది. శాటిన్ ఆమె ఒడిలోంచి జారి నేల మీద మెల్లగా పరుచుకుంది.

ఓబులమ్మ చివరి మెట్టు మీద కూర్చుని బస్సు కోసం చూస్తోంది.

"తప్పు నీది కాదు ఓబులమ్మా. పైదారం నేనే సరిగా పెట్టలేదు."

"తెలుసమ్మా."

"తెలుసా?"

"పాదం ఎత్తి దారం పెట్టాలని మొదటి రోజే బాబా చెప్పినాడు. నువ్వు దించి పెడతా ఉంటే చూసినా."

"మరి నాకు చెప్పలేదే?"

ఓబులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "రెండుసార్లు చెప్పబోయినా. నువ్వు చెప్పనీలేదు."

మాబున్ని ఆమె పక్కన, అదే మెట్టు మీద కూర్చుంది. బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. దుమ్ము ఎండలో చాలాసేపు తేలుతూ ఉండిపోయింది.

"ఇప్పుడు చెప్పు," అంది మాబున్ని.