ఏదో ఇలా ఉన్నామన్న రాజ్యం

అనగా అనగా, ఏడు నదులు దాటితే ఒక రాజ్యం. దానికి పద్మసేనుడని ఒక కుర్ర రాజు. మంచివాడే. కానీ తిన్నదరక్క ఒకనాడు ఆయనకో సందేహం పుట్టింది, ఏ దేశంవాళ్ళు అందరికంటే సుఖంగా ఉన్నారా అని. పైగా, నా జనం ఆఖరున వస్తే ఈ కిరీటం నాకొద్దు, మొదటొచ్చిన దేశం రాజుకిచ్చేసి అడవికి పోతానని నిండు సభలో మాటిచ్చేశాడు. ఊఁ కొడుతున్నారా? కొట్టకపోతే చెప్పను.

మంత్రి గడపగడపకీ వెళ్ళి, సుఖంగా ఉన్నారా అనడిగాడు. తూర్పు దేశంలో అందరూ దివ్యంగా ఉన్నామన్నారు. పంటిపోటుతో బుగ్గ బూరెలా వాచినవాడు కూడా అదే మాట. మన బాధ ఎదుటివాడి నెత్తిన రుద్దడం అక్కడ మర్యాద కాదర్రా. పడమటి దేశంవాళ్ళు ముక్కుసూటి మనుషులు. ఇవాళ బాగున్నాం, రేపటి సంగతి రేపడగండి అన్నారు. రాజుగారి సొంత రాజ్యంలోనో, కడుపునిండా తిని అరుగు మీద తాంబూలం నములుతున్నవాడు కూడా, ఏం సుఖం లెండి, ఏదో ఇలా ఉన్నాం అన్నాడు.

ఇంకేముంది, మనవాళ్ళే ఆఖరు. నా జనాన్ని ఇంత ఏడిపించానా అని రాజు అన్నం మానేశాడు. కిరీటం మూటగట్టాడు, పాపం.

మంత్రి కోడలు గవరమ్మకి ఒళ్ళు మండింది. అది మహా గడసరి పిల్ల. మా మామగారికి అడగడం రాలేదు మహారాజా, ఒక్క గడపకి నాతో రండి అంది. రాజుకి మామూలు పంచె కట్టించి, ఊళ్ళోకెల్లా పెద్ద సణుగుడుమనిషి రత్తవ్వ ఇంటికి తీసుకెళ్ళింది. అవ్వా, నీకిక్కడ సుఖం లేదుటగా, బండి తెచ్చాం, తూర్పు దేశంలో దించేస్తాం, ఎక్కు అంది.

అవ్వ చీపురు తీసింది. నేను పోతే బీరపాదుకి నీళ్ళెవరు పోస్తారు? పాదెండితే కాయలేవీ? కాయల్లేకపోతే పక్కింటి బాలింతకి కూరేదీ? కూర లేక దానికి పాలు పడకపోతే పసివాడు ఏడవడూ? వాడేడిస్తే వీధివీధంతా నిద్ర మానుకోవాలా? పోండి, మీ బండి మీరే ఎక్కండి అంది. అంతలో రాజు మొహం చూసి, ఏరా, అన్నం తినలేదా, అలా వాడిపోయావేం అని చెయ్యి పట్టి లాక్కెళ్ళి, బీరకాయ పప్పు కలిపి పెట్టింది.

రాజు నాలుగు ముద్దలు తిని, అయితే నువ్వు సుఖంగానే ఉన్నావన్నమాట అవ్వా అన్నాడు. అవ్వ గబగబా గుప్పెడు ఉప్పు తెచ్చి తన చుట్టూ మూడుసార్లు తిప్పుకుని, అలా పైకి అనకూడదు నాయనా, దిష్టి తగులుతుంది అంది.

రాజుకి అప్పుడు అర్థమైంది. నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకాస్త అన్నం వెయ్యమన్నాడు. లెక్కే తప్పయినప్పుడు అడవేమిటి, కిరీటం మూట విప్పి చక్కగా ఏలుకున్నాడు.

అంచేత, గుమ్మంలో నిలబడి అడిగితే ఎవరి సుఖమూ తెలీదర్రా. లోపలికెళ్ళి ఓ పూట తినాలి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.