ఆవిరి తగలని పలక

అరుంధతి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. "నడుస్తూ మాట్లాడుకుందాం పద" అంటారు. ఆ నడక ఎక్కడ తేలుతుందో ఆవిడకే తెలియదని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. క్యాన్సర్ ఆసుపత్రి ఆవరణలోనే వాళ్ళ పరిశోధనశాల.

ఆ ఉదయం అడిగిన శిష్యురాలు రోహిణికి మాత్రం నవ్వే ఓపిక లేదు. చీరాలలో నూలుకు రంగులద్ది బతికిన ఆమె తండ్రి సాంబశివుడు, మూత్రాశయంలో కణితి తీయించుకుని ఆ ఆసుపత్రి వార్డులోనే ఉన్నాడు. మళ్ళీ పెరగవచ్చన్నారు డాక్టర్లు. అలాంటి కణితుల్లో ఒక ప్రొటీన్ మోతాదు మించి ఉంటోందని రోహిణి పరిశోధనలోనే తేలింది.

"మేడమ్, కణాన్ని పెరగమనే జన్యువు బాగానే ఉంది. అది పంపే కబురు, ఆ ఆర్‌ఎన్‌ఏలోనూ తప్పు లేదు. ఈ ప్రొటీన్ వెళ్ళి ఆ కబురును పట్టుకుని కూర్చుంటోంది, అంతే. పెరగమని తనేమీ చెప్పడం లేదు. మరి దోషం ఎవరిది?" అంది.

"మీ నాన్నగారికి ఈరోజు జావ పట్టమన్నారుగా. తెద్దాం పద" అన్నారు అరుంధతి గారు.

ఆసుపత్రిలో రోగులకు ఉచితంగా వండిపెట్టే వంటశాలకు నడిచారు. పెద్ద వంటవాడు వీరాస్వామి ఏం వండాలో పొయ్యిల పైన వేలాడే పలక మీద సుద్దతో రాస్తాడు. చేయి ఖాళీ అయినవాళ్ళు అది చూసి పని అందుకుంటారు. గంజి వార్చేసరికి ఆవిరికి రాత దానంతటదే కరిగిపోతుంది. చేత్తో చెరిపే పని ఎవరికీ పెట్టలేదు.

వాళ్ళు వెళ్ళేసరికి అక్కడ గోలగోలగా ఉంది. పొయ్యిలన్నిటి మీదా అన్నమే. గుండిగలు దించిన చోటల్లా అన్నమే. జావకు పొయ్యి లేదు. సరుకుల గదిలోంచి అప్పుడే వచ్చిన వీరాస్వామి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు.

"ఎవడ్రా ఇంత అన్నం పెట్టమన్నది?"

"మీరే కదండీ, పలక మీద ఉందిగా!" అన్నారు అందరూ.

నిజమే. 'ఇంకో గుండిగ అన్నం' అని అతని చేతిరాతే, చెక్కుచెదరకుండా ఉంది. పలకకు ఎవరో ప్లాస్టిక్ కవరు తొడిగి దారంతో ముడి వేశారు.

విస్తళ్ళు తుడిచే పైడమ్మ ముందుకొచ్చింది. "నేనే కట్టానయ్యా. మొన్న రాత ముందే పోయి ఓ చంటిదానికి మెతుకు దక్కలేదు. మీ మాట పోకూడదని..." అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రోహిణికి ఆమె మీద జాలేసింది, తండ్రి ఆకలి తలుచుకుంటే కోపమూ వచ్చింది.

"ఆవిణ్ణేమీ అనకు వీరాస్వామీ. ఆ కవరు తీయించు చాలు" అన్నారు అరుంధతి గారు.

రోహిణే పీట ఎక్కి ముడి విప్పింది. ఆవిరి తగిలి అక్షరాలు కారిపోయాయి. ఇంకెవరూ బియ్యం కడగలేదు. ఉడికిన గుండిగ దించి ఆ పొయ్యి మీదే జావ పెట్టారు.

గిన్నె పట్టుకుని గడప దాటుతూ రోహిణి ఆగింది.

"మేడమ్, మా నాన్న ఒంట్లో ఆ కబురు కరగకుండా ప్రొటీన్ వేసిన ముడి ఎలా విప్పాలి?"

"ఇందాకటి కంటే ఇది మంచి ప్రశ్న" అన్నారావిడ. "ముందు వెళ్ళు, జావ చల్లారిపోతుంది."